సైకిల్ వెనక అరవై లీటర్లు: హన్మకొండలో నీళ్ల ట్రాలీ తయారీ డైరీ

ఇది సైకిల్‌కి తగిలించే నీళ్ల ట్రాలీ డైరీ. ఇలాంటిది చేయించుకోవాలనుకునే వాళ్లకు కొలతలు, ఖర్చు, ఎక్కడ విరిగింది, ఎందుకు మార్చాం అన్నవి తెలియాలని రాస్తున్నాను.

అవసరం ఇదీ. ఇంటి నుంచి 2.4 కిలోమీటర్ల దూరంలో, వడ్డేపల్లి చెరువు వైపు, మా వీధి వాళ్లం పన్నెండు మొక్కలు పెట్టాం. కానుగ, వేప, నేరేడు, రెండు జమ్మి. 2015లో రాష్ట్ర ప్రభుత్వ మొక్కలు నాటే పథకం హరితహారం మొదలయ్యాక మన దగ్గర మొక్కలకు కొదవ లేదు. వానాకాలంలో గుంత తవ్వే చేతులకూ కొదవ లేదు. మార్చి నుంచి జూన్ దాకా నీళ్లు పోసేవాళ్లే కావాలి. అక్కడ బోరు లేదు, నల్లా లేదు. పైన ఎర్రమట్టి, కింద మొరం. సాయంత్రం పోసిన తడి మర్నాడు మధ్యాహ్నానికి కనబడదు. ఆకు ముడుచుకుని ఎండిపోతున్న మొక్కను చూస్తూ ఊరుకోవడం నావల్ల కాలేదు.

స్కూటీ కాళ్ల దగ్గర రెండు డబ్బాలు పెట్టుకుంటే 30 లీటర్లు. అన్ని మొక్కలకూ అందాలంటే రెండుసార్లు పోయి రావాలి, అంటే 9.6 కిలోమీటర్లు. పొద్దున్నే చెరువు కట్ట మీద వాకింగ్, ఇంటికొచ్చి పెట్రోలు కాలుస్తూ నీళ్ల మోత. అదే గంటలో అవే కాళ్లతో రెండు పనులూ అయిపోయే దారి ఉన్నప్పుడు ఇలా విడివిడిగా ఎందుకని ట్రాలీ పని పెట్టుకున్నాను.

పెట్టుకున్న షరతులు:

1. ఒక్క మోతలో 60 లీటర్లు రావాలి.
2. ఖాళీ ట్రాలీ 18 కిలోలు దాటకూడదు. గేటు దగ్గర మెట్టు ఎక్కించాల్సింది నేనే.
3. ఒక్క నిమిషంలో సైకిల్ నుంచి విడదీయగలగాలి.
4. వీలైనంత వరకు పాత ఇనుమే వాడాలి.

నాలుగో షరతుకు ఒక లెక్క ఉంది. ఒక టన్ను కొత్త ఉక్కు తయారైతే దాదాపు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. పది కిలోల కొత్త పైపు కొంటే 20 కిలోలు. లీటరు పెట్రోలు కాలితే వచ్చేది 2.3 కిలోలు. కాబట్టి కొత్త పైపుతో చేసిన ట్రాలీ దాదాపు 8.7 లీటర్ల పెట్రోలు బాకీతో పుడుతుంది. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే స్కూటీ మీద అది 390 కిలోమీటర్లు. మొక్కలన్నిటికీ నలభై సార్లు నీళ్లు పోస్తే గానీ ఆ బాకీ తీరదు. పాత గేటు పైపు వాడితే ఈ బాకీలో ఎక్కువ భాగం మొదట్లోనే పోతుంది.

దశ 1: చక్రాలు

పాత ఇనుము కొట్టులో 26 × 1⅜ సైజు లేడీస్ సైకిళ్ల ముందు చక్రాలు రెండు దొరికాయి. ముందు చక్రమే ఎందుకంటే దానికి ఫ్రీవీల్ (చైను ఎక్కే పళ్ల చక్రం) ఉండదు, హబ్ (చక్రం నడిమి గొట్టం) సన్నగా ఉంటుంది. కొనేముందు ఇవి చూడండి:

1. ఇరుసు పట్టుకుని చక్రం తిప్పండి. గరగరమంటే బాల్స్ అరిగినట్టు. అది మార్చుకోవచ్చు, ఫర్వాలేదు.
2. రిమ్ము అంచున వేలితో తడమండి. తుప్పు పెచ్చులు లేస్తుంటే వద్దు. లోపల ట్యూబు కోసుకుపోతుంది.
3. పుల్లలు (స్పోకులు) ఒక్కొక్కటిగా మీటండి. వదులుగా పలికిన పుల్లలు నాలుగైదుకు మించితే వేరే చక్రం చూసుకోండి.

హబ్బులు విప్పి, కిరోసిన్‌తో కడిగి, కొత్త బాల్స్ వేసి గ్రీజు పెట్టాను. బాల్స్‌ని పట్టి ఉంచే కోన్‌ని (ఇరుసు మీది నట్టు) పూర్తిగా బిగించి, మళ్లీ పావు చుట్టు వదలాలి. బిగుతు ఎక్కువైతే చక్రం బరువుగా తిరుగుతుంది, తక్కువైతే ఊగుతుంది.

చక్రాలు 600, టైర్లు, ట్యూబులు 820, బాల్స్, గ్రీజు 80.
ఇప్పటిదాకా ఖర్చు: రూ. 1,500

దశ 2: మొదటి ఫ్రేము

పాత గేటు నుంచి 25 మి.మీ. చదరపు పైపు, అయిదున్నర మీటర్లు, ఆరున్నర కిలోలు. పళ్లెం 70 × 52 సెం.మీ. పైన వెదురు బద్దలు సందులొదిలి కట్టించాం, ఒలికిన నీళ్లు కిందికి కారిపోయేలా. చక్రాలు పళ్లేనికి రెండు వైపులా బయట, ఒక్క వైపు నుంచే పట్టుకునేలా బిగించాం. నొగను (ట్రాలీని లాగే పొడుగు కడ్డీని) సైకిల్ క్యారియర్‌కి కబ్జా (మడతబందు), బోల్టుతో తగిలించాం. నీళ్లకు 60 లీటర్ల నీలం డ్రమ్ము ఒకటి, తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చింది.

వెల్డింగు అతను చక్రాల బిగింపు చూసి ముందే అన్నాడు: "అక్కా, గీ ఇరుసు ఒక్క దిక్కే పట్టుకుంటే ఆగదు. రెండు దిక్కుల ఊతముండాలె." పైపు కలిసొస్తుందని ఈ పద్ధతిలోనే పరీక్షిద్దామనుకున్నాం. ఖాళీ ట్రాలీ తూకం 13.5 కిలోలు.

పైపు 290, వెల్డింగ్ 600, వెదురు 120.
ఇప్పటిదాకా ఖర్చు: రూ. 2,510

నీళ్లతో రోడ్డెక్కాక తేలినవి, వరుసగా:

ఒకటి, డ్రమ్ము. నిండుగా ఉన్నంతసేపు బాగానే ఉంది. సగానికి వచ్చాక లోపల నీళ్లు ముందుకూ వెనక్కూ కొట్టుకోవడం మొదలైంది. బ్రేకు వేసిన క్షణం తర్వాత వెనక నుంచి ఒక తోపు, పెడల్ తొక్కితే వెనక్కి ఒక గుంజు.

రెండు, ఇరుసు. కుడి చక్రం పైభాగం లోపలికి వాలింది. విప్పి గాజు పలక మీద దొర్లిస్తే ఇరుసులో వంపు స్పష్టంగా కనబడింది. సైకిల్ ఇరుసు రెండు కొనల దగ్గరా ఊతం ఉంటుందన్న లెక్కతోనే తయారవుతుంది. ఒక వైపే పట్టుకుంటే బరువంతా నట్టు పక్కన మరల (థ్రెడ్ల) దగ్గర పడుతుంది, వంగేదీ అక్కడే.

మూడు, పల్టీ. పల్లంలో మలుపు తిరుగుతుంటే ఎడమ చక్రం పిడికెడు రాయి మీదికి ఎక్కింది. ట్రాలీ పక్కకు పడిపోయింది. క్యారియర్ కబ్జా మెలితిరగడంతో సైకిల్ కూడా దాంతోపాటే వాలింది. వేగం తక్కువ కాబట్టి దెబ్బలు తగల్లేదు, నీళ్లు మాత్రం మొత్తం పోయాయి. తర్వాత చూస్తే క్యారియర్ కాలు దగ్గర వెల్డింగు చుట్టూ వెంట్రుకంత చీలిక. తుప్పు పట్టిన రంగు కింద సన్నగా మెరుస్తోంది. ఇంకో నాలుగు గుంతలు దాటి ఉంటే ఊడిపోయేది.

దశ 3: పళ్లెం దించడం, ఇరుసు వెనక్కి జరపడం

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. కాజీపేట రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు ఊళ్లో ఎడ్లబండి తోలిన మనిషి. ట్రాలీలో డ్రమ్ము పెట్టించి, నొగ కొనను రెండు వేళ్లతో లేపి చూశారు. "నొగ తేలిపోతున్నది బిడ్డా. బరువు ఇరుసుకు ఎనక పడ్డది. పళ్లెం కూడా మస్తు ఎత్తుంది, కిందికి దించుర్రి" అన్నారు.

ఆయన వేళ్లతో చెప్పిందాన్ని నేను లగేజీ తూకంతో కొలిచాను. కొక్కెం ఉన్న చిన్న డిజిటల్ తూకం అది, ఈ పని మొత్తంలో ఎక్కువ ఉపయోగపడింది అదే. నొగ కొనను దానికి వేలాడదీస్తే నిండు బరువుతో 300 గ్రాములు చూపించింది. అంటే దాదాపు ఏమీ లేదు. ఎత్తు మీదికి ఎక్కేటప్పుడు నొగ పైకి లేచి సైకిల్ వెనక చక్రాన్ని కూడా లేపుతుంది, మట్టిలో చక్రం జారుతుంది. మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం నొగ మీద పడాలి.

ఎత్తు లెక్క ఇదీ: పళ్లెం నేల నుంచి 36 సెం.మీ. దాని మీద నీళ్ల బరువు నడిమి (గురుత్వ కేంద్రం) దాదాపు 54 సెం.మీ. ఎత్తున ఉంది. చక్రాల మధ్య దూరం 58, అందులో సగం 29. ఈ 29ని 54తో భాగిస్తే 0.54. ఈ అంకె ఎంత చిన్నదైతే అంత తేలిగ్గా పల్టీ కొడుతుంది.

మార్పులు:

1. చక్రాలకు బయటి వైపు కూడా పైపు వేసి, ఇరుసుకు రెండు దిక్కులా ఊతం. 5 మి.మీ. పట్టీలో 9 మి.మీ. గాడి కోయించి ఇరుసును అందులో కూర్చోబెట్టాం.
2. పళ్లేన్ని ఇరుసుకు 11 సెం.మీ. కిందికి వేలాడదీశాం. ఇప్పుడు నేల నుంచి 22 సెం.మీ. స్పీడ్ బ్రేకర్ తగలదు.
3. చక్రాల మధ్య దూరం 72 సెం.మీ.
4. ఇరుసును 8 సెం.మీ. వెనక్కి జరిపాం. నొగ కొన నుంచి ఇరుసుకు 118 సెం.మీ.
5. డ్రమ్ము స్థానంలో హోటళ్లలో నూనె అయిపోయాక అమ్మేసే 15 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు నాలుగు. సబ్బు నీళ్లు, వేడినీళ్లతో కడిగి, మూతి దాకా నింపుతాను. నిండు డబ్బాలో నీరు కొట్టుకోదు. మొదట వెనక డబ్బా ఒకటి, తర్వాత ముందు డబ్బా ఒకటి, ఇలా మార్చి మార్చి ఖాళీ చేస్తే తూకం చెడదు.

మళ్లీ కొలిచాం. బరువు నడిమి ఎత్తు 40, సగం వెడల్పు 36, భాగిస్తే 0.9. నొగ మీద 5.3 కిలోలు. ఖాళీ ట్రాలీ 16.5, నాలుగు నిండు డబ్బాలు 63, మొత్తం 79.5 కిలోలు. నొగ వంతు ఏడు శాతానికి కాస్త తక్కువ. అదే మలుపులో, అదే సైజు రాయి మీద కావాలనే చక్రం ఎక్కించి చూశాను. డబ్బాలు కుదిలాయి గానీ చక్రం నేలను వదల్లేదు.

పైపు 135, పట్టీలు, గాడి కోత 145, వెల్డింగ్ 500, డబ్బాలు 160.
ఇప్పటిదాకా ఖర్చు: రూ. 3,450

దశ 4: జాయింటు

క్యారియర్‌కి తగిలించే ఆలోచన పూర్తిగా వదిలేశాం. ఎత్తులో లాగితే బ్రేకు వేసినప్పుడు ట్రాలీ సైకిల్ వెనక భాగాన్ని పైకి తోస్తుంది, పైగా క్యారియర్ ఇంత గుంజుడు కోసం చేసింది కాదు. సైకిల్ వెనక ఇరుసుకు ఎడమ వైపు, నట్టు కింద, 5 మి.మీ. పట్టీ బిగించాం. చైను కుడి వైపు ఉంటుంది కాబట్టి ఎడమ పక్కే వీలు.

పట్టీకీ నొగకూ మధ్య మెలికలు తిరిగే కీలు కావాలి. సైకిల్ పక్కకు వాలినా ట్రాలీ వాలకూడదు. దీనికి దారాల అల్లిక ఉన్న మందపాటి హైడ్రాలిక్ పైపు ముక్క సరిపోయింది, పాత ట్రాక్టరు సామాన్ల దగ్గర దొరుకుతుంది. రెండు కొనల్లో ఇనుప కడ్డీ దూర్చి, అడ్డంగా బోల్టు వేసి, పైన క్లిప్పు బిగించాలి.

మొదట రెండు కడ్డీల మధ్య 9 సెం.మీ. ఖాళీ రబ్బరు వదిలాం. లాగేటప్పుడు బాగుంది, బ్రేకు వేస్తే రబ్బరు మడత పడి ట్రాలీ పక్కకు తిరిగింది. ఖాళీని 4 సెం.మీ.కి తగ్గించాక మడత పోయింది, మలుపుకీ అడ్డం రాలేదు. రబ్బరు తెగినా ట్రాలీ రోడ్డు మీదికి పోకుండా నొగ నుంచి సైకిల్ ఫ్రేముకు నైలాన్ బెల్టు. ఇది లేకుండా రోడ్డెక్కవద్దు.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 3,720

దశ 5: సైకిల్, బ్రేకులు, మోకాళ్లు

ఇంట్లో ఉన్నది కడ్డీ బ్రేకుల పాత 28 అంగుళాల సైకిల్. ట్రాలీతో దీన్ని తొక్కాలంటే ముందు ఆపగలగాలి. ఖాళీగా ఉన్న తారు రోడ్డు మీద సుద్దతో గీత గీసి, ఫోన్లో వేగం చూసుకుంటూ కొలిచాను:

- గంటకు 15 కి.మీ., ట్రాలీ లేకుండా: 4 మీటర్లలో ఆగింది.
- గంటకు 15 కి.మీ., నిండు ట్రాలీతో: 7.4 మీటర్లు.
- గంటకు 12 కి.మీ., నిండు ట్రాలీతో: 4.7 మీటర్లు.

మూడు కిలోమీటర్ల వేగం తగ్గిస్తే దూరం మూడో వంతుకు పైగా తగ్గిపోతోంది. కొత్త బ్రేకు కట్టలు వేశాక 7.4 కాస్తా 6కి వచ్చింది. అయినా పల్లంలో 12 దాటకూడదని నియమం పెట్టుకున్నాను. వానలో తడిసిన ఇనుప రిమ్ము మీద ఈ బ్రేకులు దాదాపు పట్టవు. వాన పడుతుంటే ట్రాలీ బయటికి తీయను, మొక్కలకూ ఆ రోజు నా నీళ్లతో పని లేదు.

ఎక్కుడు దారిలో 18 పళ్ల ఫ్రీవీల్ మోకాళ్లను పిండేసింది. 22 పళ్లది వేయించాను. పెడల్ మీద పడే బలం 18 శాతం తగ్గింది, వేగం కూడా అంతే తగ్గింది, దాంతో నాకు పనిలేదు. చైనుకు రెండు లింకులు అదనంగా కలపాలి, పాత చైనులోంచి తీసినవి సరిపోయాయి.

అయినా మోకాలి చిప్ప ముందు నొప్పి పూర్తిగా పోలేదు. దానికి కారణం సీటు ఎత్తు. మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కినప్పుడు కాలు నిటారుగా రావాలి. అలా రావడానికి సీటు 5 సెం.మీ. పైకి లేపాల్సి వచ్చింది. ఆగినప్పుడు మునివేళ్లే నేలకు ఆనతాయి. రెండు మూడు రోజులు అలవాటు కాదు, తర్వాత పాత ఎత్తుకు దించబుద్ధి కాదు. మన దగ్గర చాలామంది సైకిల్ తొక్కితే మోకాళ్లు పోతాయని మానేస్తారు. మానేముందు సీటు ఎత్తు ఒకసారి చూసుకోమని నా మనవి.

టైర్ల గాలి సంగతి. అదే లగేజీ తూకాన్ని నొగకు తగిలించి నిండు ట్రాలీని నడుస్తూ లాగి చూశాను. తారు మీద గాలి తక్కువున్నప్పుడు 1.9 కిలోల గుంజు, నిండుగా కొట్టాక 0.9. మొరం మీద 2.6. పంపు కొట్టే రెండు నిమిషాల శ్రమ దారి పొడుగునా సగం శ్రమ తగ్గిస్తుంది.

పంచర్లు పల్లేరు కాయల వల్ల, సర్కారు తుమ్మ ముళ్ల వల్ల. పాత ట్యూబును నిలువునా కోసి, టైరుకూ ట్యూబుకూ మధ్య పొరలా పరిచాం. పల్లేరు కాయల బెడద దాదాపు పోయింది. సర్కారు తుమ్మ ముల్లుకు ఇది చాలదు, ఆ కంపలు కొట్టి పడేసిన చోట దిగి నడిపించుకుపోవడమే.

ఫ్రీవీల్ 160, బ్రేకు కట్టలు 60, కూలి 100.
ఇప్పటిదాకా ఖర్చు: రూ. 4,040

దశ 6: మొక్క దగ్గర కుండలు

మొదట్లో బకెట్‌తో పోసిన నీళ్లలో చాలా భాగం మొరంలోకి ఇంకి, ఎండకు ఆవిరై పోయేది. ఇంత తొక్కి తెచ్చిన నీళ్లు అలా పోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకని ప్రతి మొక్క పక్కన ఒక జానెడు దూరంలో 5 లీటర్ల మట్టికుండ, మెడ దాకా పాతాం. కుండ గోడలోంచి నీరు మెల్లగా చెమర్చి వేరుకు అందుతుంది. పన్నెండు కుండలు, అయిదేసి లీటర్లు: సరిగ్గా ఒక ట్రాలీ.

కొనేటప్పుడు:

1. రంగు వేసిన, నునుపుగా పూత పూసిన కుండ వద్దు. నీరు బయటికి రాదు.
2. నింపి రాత్రంతా ఉంచండి. పొద్దున బయట తడి మెరుపు సమానంగా కనిపించాలి. ఒకే చోట ధార కడితే పగులు ఉన్నట్టు.
3. మూకుడు మూత పెట్టి పైన రాయి పెట్టండి. లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

ఏప్రిల్‌లో 5 లీటర్ల కుండ మూడు రోజుల్లో ఖాళీ అయ్యేది. కొన్ని వారాలకు అదే కుండ ఏడు రోజులైనా ఖాళీ కాలేదు. ఎండ పెరిగింది, కుండ తాగడం మానేసింది, నేరేడు చిగుళ్లు వాడిపోతున్నాయి. ఒక కుండ తవ్వి తీసి చూశాం. బయటి గోడంతా తెల్లటి పొక్కు. గోటితో గీకితే పిండిలా రాలింది. నాలుక మీద వేసుకుంటే ఉప్పగా, కొంచెం చేదుగా ఉంది.

ఆ పొక్కు నీళ్లలోని ఉప్పే. నీళ్లు వృథా పోకూడదని ఇళ్లలో ఆర్ఓ వాటర్ ఫిల్టర్ వదిలేసే నీటిని పట్టి తెస్తున్నాం. టీడీఎస్ మీటరుతో (నీళ్లలో కరిగిన ఉప్పులను కొలిచేది) చూస్తే మా బోరు నీళ్లు 640, ఫిల్టర్ వదిలిన నీళ్లు 1,150. ఫిల్టర్ మంచినీళ్లు మనకిచ్చి, ఉప్పంతా ఈ నీళ్లలోకే నెడుతుంది. నేల మీద పోస్తే వాన కొంత కడిగేస్తుంది. కుండలో అలా కాదు. నీరు చెమర్చి ఆవిరవుతుంది, ఉప్పు సన్నని రంధ్రాల్లో పేరుకుంటుంది.

మార్చినవి:

1. కుండలు తీసి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, కొబ్బరి పీచుతో రుద్ది, ఎండబెట్టి మళ్లీ పాతాం. ఇప్పుడు నాలుగు రోజుల్లో ఖాళీ అవుతున్నాయి. మొదటి మూడు రోజులకు తిరిగి రాలేదు.
2. కుండల్లోకి బోరు నీళ్లే. ఫిల్టర్ వదిలినవి గచ్చు కడగడానికి, బాత్రూమ్‌కు.
3. బియ్యం కడుగు నీళ్లు కుండలో పోయకూడదు, గంజి రంధ్రాలను మూసేస్తుంది. అవి ఇంటి కరివేపాకు మొదట్లోకి.

బోరు నీళ్లలోనూ ఉప్పు ఉంది కాబట్టి ప్రతి వేసవికి ముందు కుండలు తీసి కడగాల్సిందే. ఇది పనిలో భాగమని ముందే లెక్కేసుకోండి.

కుండలు 1,020.
ఇప్పటిదాకా ఖర్చు: రూ. 5,060

ఇప్పుడు నడుస్తున్న తీరు

పొద్దున అయిదున్నరకు బయల్దేరి ఏడులోపు ఇంటికి. మే నెలలో ఏడు దాటితే ఈ పని వద్దు. 44 డిగ్రీలు చూపించే రోజుల్లో పొద్దున్నే గాలి వేడెక్కుతుంది. మోసేది మొక్కల నీళ్లే కదా అనుకోకుండా తాగడానికి ఒక సీసా మజ్జిగ, ఒక సీసా నీళ్లు వేరుగా పెట్టుకోండి. కుండలు నింపేటప్పుడు వంగి లేవడం, డబ్బా ఎత్తడం కలిపి వ్యాయామం పూర్తవుతుంది. 15 కిలోల డబ్బాను నడుం వంచి కాకుండా మోకాళ్లు వంచి ఎత్తాలి.

నీళ్లు అక్కర్లేని రోజుల్లో అదే ట్రాలీ రైతు బజారుకు వస్తుంది. వెదురు పళ్లెం మీద గోనెసంచి పరిస్తే కూరగాయలు నలగవు. పక్కింటివాళ్లు గ్యాస్ సిలిండర్ కోసం అడిగి తీసుకెళ్తున్నారు. పడుకోబెట్టకూడదు, నిలబెట్టి కదలకుండా రెండు తాళ్లతో కట్టాలి.

ఇంకా మిగిలిన పనులు: వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు రెండు, వెదురు బద్దలకు పురుగు పట్టకుండా వేపనూనె పూత, ట్రాలీ విడదీసి నిలబెట్టినప్పుడు దొర్లిపోకుండా చక్రానికి కట్టే చిన్న చెక్క.

మీరు చేయించుకోవాలనుకుంటే ముందు మీ గేటు వెడల్పు కొలవండి. మా ట్రాలీ బయటి అంచు నుంచి బయటి అంచుకు 87 సెం.మీ., గేటు మూడడుగులు, అంటే 91. రెండు వైపులా రెండేసి సెంటీమీటర్ల సందు మాత్రమే మిగిలింది. గేటు చిన్నదైతే చక్రాలను దగ్గరకు తేక తప్పదు, అప్పుడు పల్టీ లెక్క మళ్లీ వేసుకోండి. పళ్లెం సన్నగా పొడుగ్గా చేయించి, డబ్బాలను రెండు వరుసలుగా కాక ఒకదాని వెనక ఒకటిగా పెట్టండి. అప్పుడు ఇరుసు ఎక్కడ పడాలో లగేజీ తూకంతో నొగ బరువు చూశాకే వెల్డింగు చేయించండి.